చిట్టెలుకకు తెల్లసొన తినిపించి దాని రోగనిరోధక కణాలకు ఓర్పు నేర్పడం ఎలా?

ఒకే వయసు, ఒకే జాతి చిట్టెలుకలు రెండు. ఒకదానికి కోడిగుడ్డు తెల్లసొనలోని ప్రోటీన్ తినిపించారు, రెండోదానికి ఉప్పునీళ్ళు పోశారు. వారం తర్వాత రెండింటికీ అదే ప్రోటీన్‌ను ఘాటైన మందుతో కలిపి చర్మం కింద ఇంజెక్షన్ చేశారు. మరో రెండు వారాలు ఆగి, చెవి తొక్కలోకి ఆ ప్రోటీన్ ఒక చుక్క ఎక్కించారు. మర్నాడు పొద్దున చూస్తే ఉప్పునీళ్ళు తాగినదాని చెవి ఎర్రగా వాచి ఉంది. తెల్లసొన తిన్నదాని చెవి నిన్నటిలాగే ఉంది.

ఆ వాపు రాకపోవడాన్నే ఇమ్యునాలజీలో టాలరెన్స్ అంటారు. పుస్తకాల్లో 'సహనం' అని రాస్తుంటారు గానీ, నాకు 'ఓర్పు' అన్న మాటే దగ్గరగా అనిపిస్తుంది. చూడ్డానికి ఇంతకన్నా తేలికైన ప్రయోగం లేదు. చిక్కల్లా ఒక్కటే: ఇక్కడ ఫలితం 'ఏమీ జరగలేదు' అన్నదే. ఏమీ జరగకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. ఇంజెక్షన్ సరిగా పడకపోయినా ఏమీ జరగదు, ప్రోటీన్ పాడైనా ఏమీ జరగదు, ఎలుక జబ్బుపడినా ఏమీ జరగదు. ఓర్పు తెప్పించడం పావు వంతు పనయితే, వచ్చింది ఓర్పేనని, అదీ ఆ ఒక్క ప్రోటీన్ మీదేనని నిరూపించడం ముప్పావు వంతు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ ముప్పావు గురించే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనో ఈ పని నెత్తిన పడ్డవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఊరికే తెలుసుకుందామని వచ్చినవాళ్ళు కొలతలు వదిలేసి చదువుకోవచ్చు.

ముందు కాస్త పాత కథ

1911లోనే అమెరికాలో వెల్స్ అనే శాస్త్రవేత్త గినీ పందులకు కోడిగుడ్డు ప్రోటీన్ తినిపించి, తర్వాత అదే ప్రోటీన్ ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశాడు. మామూలుగా అయితే ప్రాణం తీసే తీవ్రమైన ఎలర్జీ, అనాఫిలాక్సిస్ రావాలి, అది రాలేదు. 1946లో మెరిల్ చేజ్, చర్మానికి ఎలర్జీ తెప్పించే రసాయనాన్ని ముందే తినిపిస్తే ఆ ఎలర్జీ రాదని గినీ పందుల్లోనే చూపించాడు. చిట్టెలుకల వంతు 1953లో వచ్చింది. బిల్లింగ్‌హామ్, బ్రెంట్, మెడవార్ తల్లి కడుపులో ఉన్న సిబిఎ జాతి పిల్లలకు 'ఎ' జాతి ఎలుక కణాలు ఎక్కించారు. అవి పుట్టి పెద్దయ్యాక 'ఎ' జాతి చర్మాన్ని అతికిస్తే వాటిలో కొన్ని దాన్ని సొంత చర్మంలాగే ఉంచుకున్నాయి. 1960లో మెడవార్‌కు బర్నెట్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ఈ ఓర్పును కాపలా కాసే కణాలు ఉన్నాయా, ఉంటే ఏవి అన్నది తేలడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1995లో షిమోన్ సకగుచి, రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకమైన టి కణాల్లోంచి సిడి4తో పాటు సిడి25 అనే గుర్తు కూడా ఒంటి మీద ఉన్నవాటిని తీసేస్తే ఎలుక శరీరం తన మీద తానే తిరగబడుతుందని చూపించాడు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం 'స్కర్ఫీ' అనే జబ్బు ఎలుకల్లో చెడిపోయిన జన్యువు ఫాక్స్‌పి3 అని పట్టుకుంది. ఆ జన్యువే సకగుచి కణాలను నడిపిస్తుందని 2003లో తేలింది. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. మీరు చేయబోయే ప్రయోగంలో చివరికి వెతికేది ఈ ఫాక్స్‌పి3 కణాలనే. వాటిని రెగ్యులేటరీ టి కణాలంటారు, ల్యాబ్‌లో అందరూ 'టీరెగ్' అనేస్తారు.

పేగులో అసలేం జరుగుతుంది

ఇది అర్థం కాకుండా సూది పట్టుకోవద్దు. తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయం ఇక్కడి నుంచే వస్తుంది.

తిన్న ప్రోటీన్‌లో ఎక్కువ భాగం కడుపులోని ఆమ్లానికి, ఎంజైములకు ముక్కలైపోతుంది. కొద్దిపాటి మాత్రం అరగకుండానో, సగం అరిగో చిన్నపేగు గోడ దాటుతుంది. కొంత రక్తంలోకీ చేరుతుంది. తినిపించిన గంటకు ఎలుక రక్తం తీసి చూస్తే దాని ఆనవాలు దొరుకుతుంది.

పేగు గోడలో జిగురు తయారుచేసే గాబ్లెట్ కణాలు ఉంటాయి. ప్రోటీన్ లోపలికి వచ్చే దారుల్లో అదొకటి. లోపల సిఎక్స్3సిఆర్1 గుర్తున్న, చెత్తను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లు దాన్ని అందుకుని పక్కనున్న సిడి103 డెండ్రైటిక్ కణాలకు అందిస్తాయి. ఈ డెండ్రైటిక్ కణాలే అసలు వార్తాహరులు. సిసిఆర్7 అనే గ్రాహకం చూపిన దారిలో పేగు పొరలో ఉండే మెసెంటెరిక్ లింఫ్ గ్రంథులకు ప్రయాణం కడతాయి. ఈ ప్రయాణం ఎంత ముఖ్యమంటే, సిసిఆర్7 లేని ఎలుకల్లో గానీ, ఆ గ్రంథులను ఆపరేషన్ చేసి తీసేసిన ఎలుకల్లో గానీ తినిపించినంత మాత్రాన ఓర్పు రాదు.

గ్రంథిలోకి చేరిన డెండ్రైటిక్ కణం తను మోసుకొచ్చిన ప్రోటీన్ ముక్కను టి కణానికి చూపిస్తుంది. చూపించిన తీరే ఆ టి కణం బతుకును మార్చేస్తుంది. సూక్ష్మజీవి వాసన తగిలి, ప్రమాద సంకేతాలతో చూపిస్తే టి కణం యుద్ధానికి దిగుతుంది. విటమిన్-ఎ నుంచి చేసిన రెటినోయిక్ ఆమ్లం, టిజిఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ కలిపి చూపిస్తే అదే టి కణం ఫాక్స్‌పి3 వెలిగించుకుని టీరెగ్ అయిపోతుంది. పేగు నుంచి వచ్చిన సిడి103 డెండ్రైటిక్ కణాలకు ఈ రెండో పద్ధతిలో చూపించడం సహజంగానే అలవాటు. అంతేకాదు, తిరిగి పేగుకు వెళ్ళే చిరునామా కూడా టి కణం ఒంటి మీద అతికించి పంపిస్తాయి. పేగుకు చేరిన టీరెగ్‌లు అక్కడి మాక్రోఫేజ్‌లు ఇచ్చే ఐఎల్-10 అనే మరో సంకేత ప్రోటీన్ సాయంతో సంఖ్య పెంచుకుంటాయి. ఆ ఓర్పు తర్వాత ఒళ్ళంతా పాకుతుంది, చెవిలో వాపు రాకపోవడం అందుకే.

మోతాదు సంగతి ఒకటుంది. కొద్దికొద్దిగా చాలాసార్లు తినిపిస్తే టీరెగ్‌లు ఎక్కువ పుడతాయి. ఒకేసారి భారీగా పెడితే ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టే టి కణాలు మొద్దుబారిపోతాయి, కొన్ని చచ్చిపోతాయి. మొద్దుబారడాన్ని అనర్జీ అంటారు. పుస్తకాలు ఈ రెంటినీ రెండు గదుల్లో పెట్టినట్టు చెబుతాయి గానీ, ఎలుకలో రెండూ కలిసే జరుగుతాయి, పాళ్ళు మారతాయంతే.

మొదటి అడుగు: కాగితం పని

దీన్ని చివరికి పెట్టుకునేవాళ్ళే ఎక్కువ. మన దేశంలో ఎలుక మీద చెయ్యి వేయాలంటే మీ సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ కమిటీ కేంద్రంలోని సీసీఎస్‌ఈఏ కింద పనిచేస్తుంది. పాతవాళ్ళు దాన్ని ఇంకా సీపీసీఎస్‌ఈఏ అనే అంటుంటారు. ఫారం-బి నింపాలి: ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు, చివరికి ఎలా చంపుతారు. 'ఎందుకన్ని' అన్న చోట గుంపుకు ఆరో ఎనిమిదో అని గాలిలో లెక్క రాయకుండా, ఎంత తేడా పట్టుకోవాలనుకుంటున్నారో చెప్పి దాన్నిబట్టి సంఖ్య తేల్చండి. చెవి పరీక్షకు బదులు పాదంలో ఇంజెక్షన్ రాస్తే చాలా కమిటీలు వెనక్కి పంపుతాయి, పాదం వాస్తే ఎలుక నడవలేదు కాబట్టి. చెవే రాయండి.

రెండో అడుగు: ఎలుకలు, వాటి దాణా

సి57బిఎల్/6 గానీ బాల్బ్/సి గానీ తీసుకోండి, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు, అన్నీ ఆడవో అన్నీ మగవో. తర్వాత ఓటి-2 కణాలు (తెల్లసొన ప్రోటీన్‌ను గుర్తుపట్టే టి కణాలు, ఎనిమిదో అడుగులో వస్తాయి) వాడే ఉద్దేశం ఉంటే మొదటి జాతే తీసుకోవాలి. ఆ కణాలు ఆ జాతివే.

అందరూ జారిపడే చోటు దాణా. కొన్ని దాణాల్లో గుడ్డు పొడి ఉంటుంది. అది తిని పెరిగిన ఎలుక మీ దగ్గరికి వచ్చేసరికే తెల్లసొనకు ఓర్పు నేర్చేసుకుని ఉంటుంది. ఇక మీరు నేర్పేదేముంది? దాణా సరఫరా చేసేవాళ్ళ దగ్గర పదార్థాల జాబితా రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మ తిన్నది కూడా లెక్కే. అందుకే ఎలుకల తల్లులు కూడా గుడ్డు లేని దాణా మీదే ఉన్నాయా అని అడగండి. అడిగితే వింతగా చూస్తారు, చూడనివ్వండి.

వచ్చిన ఎలుకలను కనీసం వారం రోజులు కదిలించకుండా కుదురుకోనివ్వాలి. ఆ తర్వాత పంజరాలు కలిపి చీటీలు తీసి గుంపులు చేయండి. అయితే ఒక చిక్కుంది: ఎలుకలు పక్కదాని పెంటికలు తింటాయి, ఒంటి మీద కారినదాన్ని నాకుతాయి. ప్రోటీన్ తిన్నవాటినీ ఉప్పునీళ్ళు తాగినవాటినీ ఒకే పంజరంలో ఉంచితే కంట్రోల్ గుంపుకు కూడా కాస్త ప్రోటీన్ అందుతుంది. వేరువేరు పంజరాలే మేలు, కానీ ఒక్కో గుంపుకు రెండు మూడు పంజరాలుండాలి. లేకపోతే మీరు చూస్తున్న తేడా తిండిదా పంజరానిదా అన్నది తేలదు.

మూడో అడుగు: గుంపులు గీసుకోవడం

ప్రయోగం గెలిచేదీ ఓడేదీ ఈ కాగితం మీదే. నేను పెట్టే గుంపులు ఇవి:

1. ఓవాల్బుమిన్ (మనం తినిపించే తెల్లసొన ప్రోటీన్ పేరు ఇదే) తిని, ఓవాల్బుమిన్ ఇంజెక్షన్ తీసుకున్నవి. అసలు గుంపు.
2. ఉప్పునీళ్ళు తాగి, ఓవాల్బుమిన్ ఇంజెక్షన్ తీసుకున్నవి. వీటి చెవి వాచి తీరాలి.
3. ఏమీ తినక, ఇంజెక్షనూ లేక, నేరుగా చెవి పరీక్షకు వచ్చినవి. సూది గుచ్చినందుకే ఎంత వాపు వస్తుందో ఇవి చెబుతాయి.
4. ఓవాల్బుమిన్ తిని, కెఎల్‌హెచ్ ఇంజెక్షన్ తీసుకున్నవి.
5. ఉప్పునీళ్ళు తాగి, కెఎల్‌హెచ్ ఇంజెక్షన్ తీసుకున్నవి.

చివరి రెండూ ఖర్చు దండగని చాలామంది కోసేస్తారు. నా దృష్టిలో అవి లేని ప్రయోగం అసలు ప్రయోగమే కాదు. కెఎల్‌హెచ్ అంటే ఒక సముద్రపు నత్త రక్తంలోని ప్రోటీన్. ఎలుక జన్మలో చూసి ఉండదు. తెల్లసొనకు ఓర్పు నేర్చిన ఎలుక, కెఎల్‌హెచ్‌కు మాత్రం మామూలు ఎలుకలాగే మండిపడాలి. అప్పుడే మీరు దాని రోగనిరోధక శక్తిని నీరసపరచలేదని, ఒక్క విషయంలోనే ఓర్పు నేర్పారని చెప్పగలరు. నాలుగో గుంపులో కూడా స్పందన తగ్గితే మీరు నేర్పింది ఆ ఒక్క ప్రోటీన్ మీద ఓర్పు కాదన్నమాట.

ఇక్కడ తెలివిగా ఎలుకలు మిగుల్చుదామని రెండు ప్రోటీన్లూ ఒకే సిరంజిలో కలిపి ఒకే ఎలుకకు ఇవ్వకండి. ఓవాల్బుమిన్‌ను గుర్తుపట్టిన టీరెగ్‌లు ఐఎల్-10, టిజిఎఫ్-బీటా లాంటివి వదిలి ఆ చుట్టుపక్కల గొడవంతా సర్దుబాటు చేస్తాయి, అందులో కెఎల్‌హెచ్ మీద స్పందన కూడా అణిగిపోతుంది. దీన్ని బైస్టాండర్ సప్రెషన్ అంటారు. దానికదే ఆసక్తికరమైన విషయం, కానీ మీ కంట్రోల్‌ను మింగేస్తుంది.

నాలుగో అడుగు: తినిపించడం

ఓవాల్బుమిన్ తెల్లసొన ప్రోటీన్లలో సగానికి పైగా ఉంటుంది. 385 అమైనో ఆమ్లాల గొలుసు. పొడిగా దొరుకుతుంది. కొద్ది మోతాదు పద్ధతిలో రోజుకు 1 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు, భారీ మోతాదు పద్ధతిలో ఒకేసారి 25 మి.గ్రా. ఇస్తారు. 25 మి.గ్రా. అంటే కొంచెమే కదా అనుకోకండి. 20 గ్రాముల ఎలుక బరువుతో పోల్చి చూస్తే, 60 కిలోల మనిషి ఒక్క పూటలో ముప్పైకి పైగా గుడ్ల తెల్లసొన తిన్నట్టు.

పొడిని స్టెరైల్ పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీళ్ళు) కరిగించేటప్పుడు వోర్టెక్స్ మీద పెట్టకండి, తెల్లసొన గిలక్కొట్టినట్టు నురగ వస్తుంది, నురగలో ప్రోటీన్ చెడిపోతుంది. ట్యూబును చేతుల మధ్య నెమ్మదిగా దొర్లించి, అరగంట మంచులో పెట్టండి. మొత్తం 0.2 మి.లీ. దాటకూడదు.

నోటి గుండా నేరుగా కడుపులోకి పోసే గావేజ్ సూది చివర గుండ్రటి గుండు ఉంటుంది. 20 గేజ్, 38 మి.మీ. పొడవు సరిపోతుంది. ఎలుక పక్కన పెట్టి నోటి నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి, సూది మీద గుర్తు పెట్టుకోండి. మెడ వెనక వదులు చర్మాన్ని గట్టిగా పట్టుకుంటే తల కదలదు. వదులుగా పట్టుకోవడం జాలి కాదు, అప్పుడే గాయమవుతుంది. తల కొంచెం వెనక్కి వంచి, నోటికి ఒక పక్క నుంచి, అంగిలి వెంబడి సూదిని జార్చండి. తోయకూడదు, సూది తన బరువుకి తాను దిగాలి. అడ్డు తగిలిందా, బయటికి తీసి మళ్ళీ. సరైన దారిలో పడితే ఎలుక మింగుతున్నట్టు గొంతు కదులుతుంది. శ్వాసనాళంలోకి పోతే గింజుకుంటుంది, ముక్కులోంచి ద్రవం వస్తుంది. వెంటనే ఆపేయాలి. ఎలుకలకు వాంతి చేసుకోవడం చేతకాదు, కాబట్టి పొరపాటును అదే సరిచేసుకుంటుందని అనుకోవద్దు. నిజమైన ప్రయోగానికి ముందు అనుభవం ఉన్నవాళ్ళ పక్కన నిలబడి చెయ్యి తిరిగేదాకా నేర్చుకోండి.

గావేజ్ అంటే టెన్షన్ పడేవాళ్ళకు ఇంకో దారుంది: తాగేనీళ్ళలో ఓవాల్బుమిన్ కలిపి వారం పాటు పెట్టడం. ఎలుకకు బాధ తక్కువ. కానీ ఏది ఎంత తాగిందో తెలియదు, నీళ్ళు రోజూ మార్చకపోతే కుళ్ళుతాయి.

ఇంకో హెచ్చరిక. బజారు ఓవాల్బుమిన్‌లో తరచూ ఎండోటాక్సిన్ కలిసి ఉంటుంది, అంటే బ్యాక్టీరియా తొడుగు ముక్కలు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు ప్రోటీన్‌తో పాటు ప్రమాద సంకేతాన్ని కూడా మోసుకెళ్తాం. పేగుకు ఎండోటాక్సిన్ రోజువారీ చుట్టమే కాబట్టి తినిపించడానికి అంత భయం లేదు, కానీ చెవికీ కణాల కల్చర్‌కూ తప్పకుండా ఎండోటాక్సిన్ తీసేసిన రకమే వాడాలి. ఇదే తర్కంతో ఓర్పును కావాలని చెడగొట్టవచ్చు కూడా: ప్రోటీన్‌తో పాటు కలరా టాక్సిన్ తినిపిస్తే ఓర్పుకు బదులు యుద్ధం మొదలవుతుంది. చేతిలో ఎలుకలుంటే ఆ గుంపు కూడా పెట్టుకోండి.

ఐదో అడుగు: ఇంజెక్షన్, నా పరువు పోయిన చోటు

తినిపించడం అయ్యాక వారం ఆగి, 100 మైక్రోగ్రాముల ఓవాల్బుమిన్‌ను కంప్లీట్ ఫ్రాయిండ్స్ అడ్జువెంట్‌తో కలిపి ఇవ్వాలి. మొదట్లో చెప్పిన ఘాటైన మందు ఇదే. అందులో నూనె, చచ్చిన క్షయ బ్యాక్టీరియా ఉంటాయి. ప్రోటీన్ ద్రావణం, అడ్జువెంట్ సమపాళ్ళలో తీసుకుని రెండు గాజు సిరంజిల మధ్య అటూ ఇటూ తోస్తూ చిలకాలి. మొత్తం 0.2 మి.లీ., తోక మొదట్లో రెండు పక్కలా సగం సగం, చర్మం కింద.

నేను మొదటిసారి చేసినప్పుడు పది నిమిషాలు చిలికి, తెల్లగా పాలలా కనిపించేసరికి అయిపోయిందనుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక్క ఎలుక చెవీ వాచలేదు. ఓవాల్బుమిన్ తిన్నవాటికి రాలేదు, ఉప్పునీళ్ళవాటికీ రాలేదు. మొదటి గుంపు చూసి సంబరపడి గైడ్‌కు ఫోన్ కూడా చేశాను. రెండో గుంపు కొలిచాక మళ్ళీ ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు. మిగిలిన ఎమల్షన్ ఫ్రిజ్‌లోంచి తీసి చూస్తే నూనె పైకి, నీళ్ళు కిందికి విడిపోయి ఉన్నాయి.

అప్పటినుంచి నీళ్ళ పరీక్ష చేయకుండా సిరంజి నింపను. గ్లాసు చల్లటి నీళ్ళలో ఒక చుక్క వదలండి. వెన్నముద్ద మజ్జిగలో నిలిచినట్టు చుక్క చెదరకుండా ముద్దగా నిలవాలి. ఏమాత్రం పాలలా పరుచుకున్నా మళ్ళీ చిలకండి. చేతులు పీకుతాయి, సిరంజి తోయడం కష్టమవుతుంది, అదే మంచి గుర్తు. కళ్ళద్దాలు పెట్టుకోండి. ఈ ఎమల్షన్ కంట్లో పడినా, సూది మీ వేలికి గుచ్చుకున్నా చిన్న విషయం కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఎలర్జీ వైపు చూడాలనుకుంటే, అంటే ఐజిఈ అనే ఎలర్జీ యాంటీబాడీ కావాలంటే, ఫ్రాయిండ్స్‌కు బదులు ఆలమ్ (అల్యూమినియం లవణం) వాడి పొట్టలోకి ఇస్తారు. ఎలుకకు అది చాలా నయం.

ఆరో అడుగు: చెవి కొలవడం

ఇంజెక్షన్ అయిన 14వ రోజున, అంటే తినిపించడం ముగిసిన 21వ రోజున, ఎలుకకు తేలికపాటి మత్తు ఇచ్చి ముందుగా రెండు చెవుల మందం కొలవాలి. మామూలు చెవి సుమారు 0.2 మి.మీ. ఉంటుంది. స్ప్రింగ్ ఉన్న మైక్రోమీటర్‌తో, ప్రతిసారీ చెవిలో ఒకే చోట, మూడేసి సార్లు. తర్వాత ఇన్సులిన్ సిరంజితో ఒక చెవి తొక్కలోకి 10 మైక్రోలీటర్లలో 10 మైక్రోగ్రాముల ఓవాల్బుమిన్, రెండో చెవిలోకి అంతే పీబీఎస్. కెఎల్‌హెచ్ గుంపులకు ఓవాల్బుమిన్ స్థానంలో కెఎల్‌హెచ్. 24 గంటలకు, 48 గంటలకు మళ్ళీ కొలవాలి.

కొలిచేవాళ్ళకు ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. ఇక్కడ వాపు మిల్లీమీటర్‌లో పదో వంతుల్లో ఉంటుంది, మైక్రోమీటర్‌ను కాస్త గట్టిగా నొక్కితే ఇష్టమైన అంకె వస్తుంది. ఎవరి నిజాయితీనీ అనుమానించడం కాదు, వేలికి కూడా ఆశ ఉంటుంది. పంజరాల చీటీలు ఇంకొకరితో మార్పించి, అంకెలన్నీ రాశాకే విప్పండి.

ఓవాల్బుమిన్ చెవి వాపులోంచి పీబీఎస్ చెవి వాపు తీసేస్తే మిగిలేదే లెక్క. రెండో గుంపు వాచి, మొదటి గుంపు మూడో గుంపు దగ్గరికి దిగి, నాలుగూ ఐదూ సమానంగా ఉన్నాయా? అయితే మీ చేతిలో ఓర్పు ఉంది. మొదటి గుంపు పూర్తిగా సున్నాకు రానక్కర్లేదు, సాధారణంగా రాదు కూడా.

ఏడో అడుగు: రక్తం, ప్లీహం

చెవి ఒక్కటే సాక్ష్యమైతే కేసు నిలవదు. రక్తం తీసి ఎలైజాలో ఓవాల్బుమిన్ మీద యాంటీబాడీలు చూడండి. వాటిలో ఐజిజి1 రకం తప్పనిసరి. సి57బిఎల్/6 ఎలుకలైతే రెండోది ఐజిజి2సి చూడాలి, ఐజిజి2ఎ కాదు. ఆ జాతిలో ఐజిజి2ఎ జన్యువే ఉండదు. తెలియక తప్పు కిట్ తెప్పించి, రీడింగ్ రాలేదని, అదే ఓర్పని మురిసిపోయినవాళ్ళున్నారు. సీరంను 1:100 నుంచి మొదలుపెట్టి వరుసగా పలచన చేస్తూ చూడాలి. ఒకే పలచన దగ్గర చూస్తే రెండు గుంపులూ గరిష్ఠ రీడింగ్‌కు తగిలి సమానంగా కనిపిస్తాయి.

ప్లీహం కణాలను ఓవాల్బుమిన్‌తో 72 గంటలు పెంచి, ఎంత విభజన జరిగింది, ఐఎల్-2, ఇంటర్‌ఫెరాన్-గామా ఎంత వచ్చాయి అని చూడాలి. ఇక్కడ కూడా నిశ్శబ్దమే ఫలితం కాబట్టి, పక్క గుంటల్లో అదే కణాలకు, ఏ టి కణాన్నైనా రెచ్చగొట్టే యాంటీ-సిడి3 ఇవ్వండి. దానికి అన్ని గుంపులూ గట్టిగా స్పందించాలి. స్పందించకపోతే కణాలు చచ్చిపోయాయని అర్థం, ఓర్పని కాదు. మరికొన్ని గుంటల్లో ఓవాల్బుమిన్‌తో పాటు ఐఎల్-2 పోయండి. మొద్దుబారిన కణాలైతే దాంతో లేచి కూర్చుంటాయి. కణాలు అసలే లేకుండా పోతే ఎంత పోసినా లేవవు. అనర్జీకీ కణాలు చచ్చిపోవడానికీ తేడా తెలుసుకునే చవక పద్ధతి ఇది.

ఎనిమిదో అడుగు: ఏ కణం నేర్చుకుందో కళ్ళారా చూడటం

మామూలు ఎలుకలో ఓవాల్బుమిన్‌ను గుర్తుపట్టే టి కణాలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. వాటిని వెతకడం గడ్డివాములో సూది పనే. అందుకే ఓటి-2 ఎలుకలు వాడతారు. వాటి సిడి4 టి కణాల్లో చాలావరకు ఓవాల్బుమిన్‌లోని 323 నుంచి 339 వరకు ఉన్న ముక్కనే గుర్తుపడతాయి.

ఓటి-2 ఎలుక ప్లీహం, లింఫ్ గ్రంథుల నుంచి సిడి4 కణాలు తీసి, వాటిలోంచి సిడి25 కణాలను తప్పనిసరిగా ఏరేయాలి. ముందే ఉన్న టీరెగ్‌లు పోతేనే, తర్వాత కనిపించే ఫాక్స్‌పి3 కణాలు తిండి వల్ల కొత్తగా పుట్టాయని చెప్పగలం. మిగిలినవాటికి సిఎఫ్ఎస్ఈ అనే మెరిసే రంగు పట్టించి, తోక సిరలోంచి మామూలు ఎలుకకు ఎక్కించాలి. దాత కణాలకు సిడి45.1, గ్రహీతకు సిడి45.2 గుర్తు ఉండేలా జాతులు ఎంచుకుంటే తర్వాత ఎవరివి ఎవరివో తేలిగ్గా విడదీయొచ్చు. మర్నాడు ఓవాల్బుమిన్ తినిపించాలి.

మూడో రోజున కొన్ని ఎలుకల మెసెంటెరిక్ గ్రంథులు తీసి, వాటి కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి రంగు కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో పెట్టి చూడండి. కణం ఒకసారి విడిపోతే దానిలోని రంగు సగమవుతుంది, ఇంకోసారి విడిపోతే అందులో సగం. తెర మీద దువ్వెన పళ్ళలా వరుసగా శిఖరాలు కనిపిస్తాయి. అంటే ఓర్పు నేర్చుకునే కణం కూడా మొదట అందరిలాగే చురుగ్గా విభజన చెందుతోంది! ఇది చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. నిశ్శబ్దం సోమరితనంతో రాలేదు, బాగా కదిలాకే వచ్చింది. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య ఫాక్స్‌పి3 చూస్తే ఆ విడిపోయిన కణాల్లో కొన్ని దాన్ని వెలిగించుకుని ఉంటాయి. ఫాక్స్‌పి3 కేంద్రకంలో ఉంటుంది కాబట్టి దానికోసం ప్రత్యేకంగా చేసిన ఫిక్సింగ్ కిట్టే వాడాలి.

ఎక్కువ కణాలు ఎక్కిస్తే తెర మీద బొమ్మ బాగుంటుంది, నిజం పలచబడుతుంది. లక్షల సంఖ్యలో ఒకే రకం కణాలు పోటీ పడితే వాటి ప్రవర్తనే మారుతుంది. కనిపించేంత వరకే ఎక్కించండి.

ఇక చివరి రుజువు: ఓర్పు నేర్చిన ఎలుక నుంచి సిడి4, సిడి25 రెండు గుర్తులూ ఉన్న కణాలు తీసి, ఏమీ తినని ఎలుకకు ఎక్కించి, ఆపై ఇంజెక్షన్, చెవి పరీక్ష. దానికీ వాపు తగ్గితే ఓర్పు కణాలతో పాటు చేతులు మారిందన్నమాట. తిరగేసి కూడా చేయొచ్చు: టీరెగ్‌లను మందుతో తొలగించగలిగే డెరెగ్ ఎలుకలకు తినిపించి, డిఫ్తీరియా టాక్సిన్‌తో వాటిని తీసేస్తే ఓర్పు ఎగిరిపోతుందా లేదా చూడటం.

వరుస తిరగబడితే?

ముందు ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత తినిపిస్తే? ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న. చాలా కష్టం. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, ఒకసారి యుద్ధం నేర్చిన టి కణాన్ని ఓర్పు వైపు తిప్పడం కొత్త కణానికి నేర్పినంత సులువు కాదు. మనుషుల్లో ఎలుకల ఫలితాలు తేలిపోయిన సందర్భాల్లో ఇదొక కారణమని నా అనుమానం. మల్టిపుల్ స్క్లెరోసిస్ లాంటి ఎలుక జబ్బును మైలిన్ (నరాల తొడుగు పదార్థం) తినిపించి ఆపగలిగారు. మనుషులకు ఇచ్చిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ఫలం లేకపోయింది. ఆ రోగుల్లో కణాలు అప్పటికే ఏళ్ళుగా మండుతున్నాయి మరి.

ముందే పట్టుకుంటే మాత్రం కథ వేరు. 2015లో ఫలితాలు వెలువడిన లండన్ పల్లీ ఎలర్జీ అధ్యయనంలో 4 నుంచి 11 నెలల వయసున్న 640 మంది పసిపిల్లలను తీసుకున్నారు. చర్మ పరీక్షలో అప్పటికి ఏమీ తేలని పిల్లల్లో, పల్లీ పెట్టకుండా దాచినవారిలో ఐదేళ్ళు వచ్చేసరికి 13.7 శాతానికి ఎలర్జీ వచ్చింది. మొదటినుంచీ పెట్టినవారిలో 1.9 శాతానికే. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది, తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఇంట్లో సొంతంగా ప్రయత్నించే విషయం కాదు.

ఆఖరి రోజు

కోత రోజున అవయవాలు తీసే వరుస ముందే గోడకు అతికించుకోండి: ముందు రక్తం, తర్వాత మెసెంటెరిక్ గ్రంథులు, ఆ తర్వాత ప్లీహం, చివరికి పేగు. పేగు ముందు కోస్తే అందులోని బ్యాక్టీరియా అన్నింటికీ అంటుకుంటుంది. గ్రంథులు కొవ్వులో దాక్కుని ఉంటాయి, రెండూ ఒకేలా కనిపిస్తాయి. అనుమానం వస్తే చల్లటి పీబీఎస్‌లో వేయండి, కొవ్వు తేలుతుంది, గ్రంథి మునుగుతుంది. ఎలైజాకు వాడగా మిగిలిన సీరంను చిన్నచిన్న ట్యూబుల్లో పంచి, ఎలుక నంబరు, తేదీ చెరగని పెన్నుతో రాసి మైనస్ 80లో పెట్టండి. పేపర్ పంపాక ఎవరో ఒక రివ్యూయర్ ఐజిఈ కూడా చూశారా అని అడుగుతారు, అప్పటికి ఆ ఎలుకలుండవు.